బోర్లించని గిన్నె

తంబూయి రేవులో పులుసు అమ్మే సెనాంతి, సాక్షాత్తూ రేవు అధికారి మొహం మీదే నోరు తెరిచి ‘ఇవ్వను’ అన్నదన్న వార్త పొద్దు బారెడెక్కేసరికి సెరయా నదికి రెండు గట్లా పాకింది. ఆ అధికారి ఆమె దగ్గర ఏమి లాక్కోబోయాడన్నది మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరికీ అడగాలని తోచలేదు. లోకం తీరే అంత. అన్యాయం మెత్తని చెప్పులు తొడుక్కుని వస్తే ఎవరూ తల తిప్పి చూడరు. దానికి ఎదురు చెప్పిన గొంతు కాస్త బొంగురుపోతే చాలు, ఊరు ఊరంతా చెవులు మూసుకుంటుంది.

అరటికాయ బజ్జీల మెకాయి మూకుడు దించిన చేత్తోనే పరుగెత్తుకొచ్చింది.

“ఎంత పని చేశావే అక్కా! నిజంగా నోటితోనే అన్నావా?”

“అన్నాను.”

“ఒక్కసారేనా?”

“నాలుగుసార్లు.”

మెకాయి చెంపలు వాయించుకుంది. “నాలుగుసార్లా! మా పడవ నడిమధ్య మునిగిపోతున్నప్పుడు కూడా నేను ఆ నదిని ఒక్కసారైనా ఆ మాట అనలేదే తల్లీ!”

“మరేం చేశావు?”

“గిన్నె బోర్లించి చూపించాను.”

“వినిందా?”

“గిన్నె కొట్టుకుపోయింది,” అని ఒప్పుకుంది మెకాయి.

కలుమేరా దేశంలో ‘వద్దు’, ‘ఇవ్వను’, ‘కాదు’ అనే మాటలు లేకపోలేదు. పసిపిల్లలు అంటారు, తాగినవాళ్లు అంటారు, పెరట్లో దూరిన బాతుల్ని తరిమేటప్పుడు అందరూ అంటారు. బుద్ధి తెలిసిన మనిషి మాత్రం, ఎదుటివారు ఏదైనా అడిగితే, చెవులు కుట్టిన నాడు మేనమామ ఇచ్చిన తన సొంత గిన్నెను మెల్లగా నేల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి, వానల గురించి మాట్లాడతాడు. అడిగినవారు కూడా వానల గురించే మాట్లాడి లేచి వెళతారు. ఎవరి మనసూ నొచ్చుకోదు. ‘బోర్లించని గిన్నె సమ్మతి’ అన్న మాట పంచాయితీ చావడి దూలం మీద చెక్కి ఉంది. పెళ్లి సంబంధాలు మొదలు పొలం గట్ల దాకా అన్నీ ఆ దూలం కిందనే తేలుతాయి.

అది మంచి ధర్మమే. ధర్మానిదేమీ తప్పులేదు. దాన్ని చేతిలో పట్టుకున్న మనిషిది తప్పు.

రేవు అధికారి బొరాంగ్‌కు ఒక మరదలుంది. ఆ మరదలికి చల్లని సర్బత్తుల దుకాణం పెట్టాలని ఉంది. పడవ దిగినవాడి కాలు ముందుగా మోపేది రేవులో తొమ్మిదో మెట్టు మీద. ఆ మెట్టు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, సెనాంతి తల్లి నలభై ఏళ్లు, సెనాంతి ముప్పై ఏళ్లు, నిమ్మగడ్డీ అరటిదూటా వేసిన చేప పులుసులో బియ్యపు సేమ్యా కలిపి అమ్ముతూ వచ్చారు. ఆ పొయ్యి కింద మెట్టు రాయి నల్లబడి, గుంటపడి, తల్లి మోకాలి ఆనవాలు కూడా నిలిచిపోయింది. సెనాంతికి పిల్లలు లేరు, పొలం లేదు. ఆ మెట్టే ఉంది.

బొరాంగ్ మూర్ఖుడు కాడు. మేనల్లుడి పెళ్లి ముందురోజు సాయంత్రం స్వయంగా ఆమె గుడిసెకు వచ్చాడు.

“పెద్దమ్మా, పెళ్లి విందుకు గిన్నెలు చాలటం లేదు. మూడు రకాల పానకాలు పోస్తున్నాం, మనిషికి ఒక గిన్నె ఏ మూలకు? నీవి పది గిన్నెలు ఇప్పించు.”

పెళ్లికని అడిగితే ఏమీ ఇవ్వకుండా గిన్నె బోర్లించటం అశుభం. సెనాంతి పదీ ఇచ్చింది.

“ఆ పీతబొమ్మ గిన్నె కూడా ఇవ్వరాదూ?”

“అది నా సొంతది, దొరగారూ.”

“తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఎన్నేళ్లుగా నీ పులుసు తాగుతున్నాను! పెళ్లికొడుకు మేనమామ నీ గిన్నెలో పానకం తాగాడని నలుగురూ చెప్పుకుంటే నీకు గౌరవం కాదా?”

మొహమాటం ముదిరితే మనిషి తన ఉరితాడును తనే పేని, చిక్కులు తీసి మరీ అందిస్తాడు. నీలిరంగు పీతబొమ్మ ఉన్న ఆ పదకొండో గిన్నెను సెనాంతి తుడిచి, ఆరబెట్టి, ఆకులో చుట్టి ఇచ్చింది.

మర్నాడు తెల్లవారి, గిన్నెలు ఇంకా తిరిగి రాకముందే, బొరాంగ్ తొమ్మిదో మెట్టు దగ్గరికి వచ్చాడు. వెంట ఇద్దరు గుమాస్తాలు సాక్ష్యానికి, ఒకడి చేతిలో నీళ్ల తొట్టి, ఇంకొకడి చేతిలో అడుగున చిన్న చిల్లు ఉన్న కొబ్బరిచిప్ప. అడిగిన మాటకు జవాబు ఆ చిప్ప తొట్టిలో మునిగే లోపల రావాలి.

“ఈ మెట్టు మా మరదలికి ఇస్తావా, పెద్దమ్మా?” అన్నాడు బొరాంగ్, తమలపాకు అడిగినంత తేలిగ్గా. గుమాస్తా చిప్పను తొట్టిలో వదిలాడు.

సెనాంతి చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది. పక్కన ఏమీ లేదు. డేగిసా మూత తీసి బోర్లించింది.

“మూత గిన్నె కాదు,” అన్నాడు మొదటి గుమాస్తా.

సెనాంతి మెకాయి దుకాణం దాకా పరుగెత్తి ఆమె గిన్నె లాక్కొచ్చి బోర్లించింది.

“పరాయి గిన్నె,” అన్నాడు రెండో గుమాస్తా, విచారంగా.

చిప్ప బుడుంగుమని మునిగింది. అప్పుడు సెనాంతి నోరు తెరిచింది. ఆ తర్వాత జరిగింది రెండు గట్లకూ తెలిసిందే.

*

పంచాయితీ పెద్ద లుయాంగ్ తాతకు తొంభై ఏళ్లు. కుడిచెవి వినపడదు. ఎడమచెవికి న్యాయం తప్ప ఇంకేదీ వినపడదని ఊళ్లో ప్రతీతి. ఆయన రెండు పక్షాలూ విని, దూలం వైపు చూశాడు.

“అమ్మాయ్, గిన్నె బోర్లించావా?”

“గిన్నె ఈయన ఇంట్లోనే ఉంది తాతా. ఉందని తెలిసే వచ్చాడు.”

“తెలిసి వచ్చాడని దూలం మీద రాయలేదే!” అన్నాడు బొరాంగ్ నవ్వుతూ.

“రాయలేదు,” అని నిట్టూర్చాడు తాత. “మెట్టు ఇచ్చినట్టే లెక్క. పడవల పండగ నాడు ఖాళీ చెయ్యాలి. ఇక నోటితో అన్నందుకు ఏడు రోజులు చావడి ఊడవాలి. ఎనిమిదో రోజున నొచ్చుకున్నవారిని ముందు వరసలో కూర్చోబెట్టి, నీ చేత్తో వండి వడ్డించి ఊరికి మన్నింపు విందు పెట్టాలి. అదీ ఆచారం.”

బయటికి రాగానే మెకాయి ముక్కు చీదింది. “మెట్టూ పోయె, పులుసూ పోయె. దొంగకు తాళంచెవి ఇచ్చి, దీపం కూడా పట్టమన్నట్టుంది.”

సెనాంతి చీపురు అందుకుంది. ఊడవటం అవమానమని ఊరు అనుకుంది. ఆమె అలా అనుకోలేదు. మురికిగా ఉన్న చోటును శుభ్రం చెయ్యటంలో అవమానమేముంది? చావడి మూలల్లో ముప్పై ఏళ్ల బూజు ఉంది. న్యాయం చెప్పే చోట అంత బూజు ఉండకూడదని ఆమె మొదటి రోజే తీర్మానించుకుని, నిచ్చెన తెప్పించి, దూలం మీది అక్షరాలను కూడా చింతపండు పెట్టి తోమింది. ‘బోర్లించని గిన్నె సమ్మతి.’ తోముతున్నకొద్దీ ఆ అక్షరాలు మెరిశాయి. ఆమెకు వాటి మీద కోపం తగ్గలేదు.

మూడో రోజున మెకాయి గిన్నెలు తీసుకుని వచ్చింది. పదకొండూ ఉన్నాయి. పీతబొమ్మ గిన్నె అంచు మీద తమలపాకు మరక ఉంది.

“అక్కా, దొరగారు ఒక మాట చెప్పమన్నారు. ఎండుచేపల పందిళ్ల వెనక చోటుందిట. అక్కడ పొయ్యి పెట్టుకో, నేనేమీ అనను అన్నారు. మంచి మనసే పాపం.”

“అక్కడికి ఎవరొస్తారే?”

“ఎవరూ రారనుకో. ఈగలొస్తాయి.”

“ఈగలకు గిన్నెలున్నాయా?”

మెకాయి నవ్వు ఆపుకుంది. “తీసుకోక్కా. ఏమీ లేనిదానికంటే అదే మేలు కదా. నీకేం కావాలి, ఒక చోటేగా?”

“చోటు కాదు. నా చోటు,” అంది సెనాంతి. పీతబొమ్మ గిన్నె కడిగి, నీళ్లు పోసుకుని తాగి, దాన్ని బోర్లించి, అరచెయ్యి ఆనించింది. “ఈ ఏడు వానలు ఆలస్యమయ్యేట్టున్నాయి.”

“అవునక్కా,” అంది మెకాయి, లేస్తూ. “గాలి కూడా అలాగే ఉంది.”

అయిదో రోజున చావడిలో ఒక బాతు తగాదా వచ్చింది. పై గట్టు మనిషి ఒకడు, తన పెరట్లోకి వచ్చి గుడ్లు పెడుతున్న పక్కింటి బాతును తనకే ఇచ్చెయ్యమని అడిగాడు. చిప్పను తొట్టిలో వదిలారు. బాతు యజమాని అప్పుడే సగ్గుబియ్యం జావ తాగుతున్నాడు. కంగారులో గిన్నెను అలాగే తిప్పబోయాడు.

“ఆగరా!” అని లుయాంగ్ తాత కర్రతో నేల మీద కొట్టాడు. “అన్నం ఉండగా బోర్లిస్తావా? మెతుకు నేల మీద పడితే నది ఊరుకుంటుందా? ముందు ఖాళీ చెయ్యి!”

బాతు యజమాని గటగటా తాగి, వేళ్లతో గిన్నె అంచులు నాకి, చిప్ప మునిగే క్షణంలో బోర్లించాడు. బాతు దక్కింది. అందరూ నవ్వారు.

సెనాంతి నవ్వలేదు. చీపురు పట్టుకుని ఉన్నచోటనే నిలబడిపోయింది. తల ఎత్తి, తాను తోమిన దూలం వైపు చూసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ సంతలో పెద్ద గరిటె ఒకటి కొన్నది.

*

ఎనిమిదో రోజున ఊరంతా ఎవరి గిన్నె వారు పట్టుకుని చావడికి వచ్చింది. మన్నింపు విందులో అవతలివాడి అవమానం చూడవచ్చు, పైగా పులుసు ఉచితం.

బొరాంగ్ ముందు వరస మధ్యలో కూర్చున్నాడు. పక్కన భార్య, ఆ పక్కన మరదలు. అధికారి అయినప్పుడు చేయించుకున్న పూలబొమ్మల పింగాణీ గిన్నెను ఒళ్లో పెట్టుకున్నాడు. హోదా పెరిగితే మేనమామ ఇచ్చిన గిన్నె బదులు పెద్దది చేయించుకుని, అదే సొంత గిన్నెగా వాడటం ఆ దేశంలో పెద్దమనుషుల అలవాటు. అతని గిన్నెలో చంటిపిల్లాడికి నీళ్లు పోయవచ్చు.

“చేపముక్కలు అడుగునుంచి వెయ్యి పెద్దమ్మా,” అన్నాడు దర్జాగా. “పాత సంగతులు మనసులో పెట్టుకోకు.”

“పెట్టుకోను దొరగారూ. అన్నీ గిన్నెలోనే పెడతాను,” అంది సెనాంతి.

పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న డేగిసాలోంచి కొత్త గరిటెతో మూడుసార్లు పోసింది. సేమ్యా మూరెడు పొడవున జారింది. నిమ్మగడ్డి ఘుమఘుమకు వెనక వరస ముందుకు జరిగింది. బొరాంగ్ ఊది ఊది ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నాడు. ఎంత కాదన్నా ఆ పులుసంటే అతనికి ప్రాణం.

సెనాంతి గరిటె పట్టుకునే లుయాంగ్ తాత వైపు తిరిగింది.

“తాతా, శిక్షలో ఉన్న మనిషి ఎవరినైనా ఏదైనా అడగవచ్చునా?”

“అడగటానికి శిక్షేమిటమ్మాయ్? అడగటం ఎవరికైనా హక్కే.”

“అయితే చిప్ప వెయ్యించండి. దొరగారూ, తొమ్మిదో మెట్టు నాకు తిరిగి ఇస్తారా?”

చిప్ప తొట్టిలో తేలింది. బొరాంగ్ చిరునవ్వు నవ్వాడు. ఈ ముసలిదానికి ఇంకా ఆశ చావలేదు, పాపం. గిన్నె రెండు చేతులా ఎత్తి తిప్పబోయాడు. అంచు మీదికి పులుసు ఉరికింది.

“అన్నం! అన్నం!” అని వెనకనుంచి నలుగురు అరిచారు.

బొరాంగ్ గతుక్కుమని గిన్నెను సరిగ్గా పట్టుకున్నాడు. సరే, తాగేస్తే పోయె. తాగాడు. నాలుక భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూరెడు సేమ్యాను చప్పరిస్తూ, చేపముల్లు పక్కకు నెడుతూ, సగం గిన్నె దించాడు. చిప్పలో నీరు పావువంతు కూడా చేరలేదు. ఇంకొక్క గుక్క.

గరిటె వచ్చింది. గిన్నె నిండింది.

“ఇదేమిటి!” అన్నాడు బొరాంగ్, నోట్లో సేమ్యాతోనే. “చాలు, చాలు!”

“నోటితో అనకూడదు కదా దొరగారూ,” అంది సెనాంతి మెత్తగా. “బోర్లించలేదు. సమ్మతి అనుకున్నాను.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అందరి కళ్లూ దూలం వైపు లేచాయి. అక్షరాలు తళతళా మెరుస్తున్నాయి.

బొరాంగ్ మళ్లీ తాగాడు. ఈసారి ఊదలేదు. చెమట ముక్కు మీదుగా కారి గిన్నెలో పడుతోంది. అడుగున పూలబొమ్మ కనపడీ కనపడకముందే మళ్లీ గరిటె వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

“చెయ్యి గిన్నె కాదు,” అన్నాడు మొదటి గుమాస్తా, పాత అలవాటు కొద్దీ. యజమాని చూపు తగిలి నాలుక కరుచుకున్నాడు.

“నీ గిన్నె ఇటియ్యవే!” అని బొరాంగ్, భార్య ఒళ్లోంచి గిన్నె లాక్కున్నాడు.

“పరాయి గిన్నె,” అని చావడి చావడంతా ఒక్క గొంతుతో చెప్పింది.

“నేను పరాయిదాన్నా?” అంది భార్య.

“బావా, త్వరగా తాగు బావా!” అని మరదలు పక్కనుంచి విసనకర్రతో విసరసాగింది. పులుసు చల్లారలేదు. కక్కలేక మింగలేక అన్న మాటను వినటమే గాని, మనిషి రూపంలో కూర్చుని ఉండగా తంబూయి ఊరు ఎన్నడూ చూసి ఉండలేదు. చిన్న గిన్నె అయితే ఒక్క గుక్కలో దించి బోర్లించి ఉండేవాడే. అంత గిన్నె చేయించుకున్నది అతనే.

చిప్ప అంచుదాకా నిండింది. ఒక్క క్షణం ఊగింది.

“ఇవ్వను!” అని అరిచాడు బొరాంగ్. “ఇవ్వను, ఇవ్వను! ఇవ్వనంటే ఇవ్వను!”

బుడుంగ్.

తల్లులు పిల్లల చెవులు మూశారు. లుయాంగ్ తాత తన మంచి చెవిని కూడా మూసుకున్నాడు.

“అయిదుసార్లు!” అంది మెకాయి వేళ్లు ముడుస్తూ, పట్టలేని సంతోషంతో. “మా అక్క కంటే ఒకటెక్కువ!”

“మోసం! ఇది మోసం తాతా! కావాలనే పోసింది!”

“కావాలనే పోసిందని దూలం మీద రాయలేదే,” అన్నాడు లుయాంగ్ తాత. ఆయన గడ్డం సన్నగా వణుకుతోంది. కోపం కాదు. “మెట్టు తిరిగి ఇచ్చినట్టే లెక్క. నోటితో అన్నందుకు నీకూ ఏడు రోజులు. ఎనిమిదో రోజున నువ్వు వండాలి, దొరా. మమ్మల్ని నదే కాపాడాలి.”

సెనాంతి గోడవార ఉన్న చీపురు తెచ్చి బొరాంగ్ పక్కన ఆనించింది.

“తూర్పు మూల చీమలున్నాయి,” అంది. “రోజూ చూసుకోవాలి.”

నవ్వులు చల్లబడ్డాయి. ఊరు లేచి వెళ్లబోతోంది. సెనాంతి మాత్రం కదలలేదు. గెలిచిన మనిషి మొహం కాదు ఆమెది. తెలివితో వచ్చింది రేపు ఇంకొకరి తెలివితో పోవచ్చు. తెలివి లేనివాళ్ల సంగతేమిటి? ఊరిలో గరిటె తిప్పటం రానివాళ్లే ఎక్కువ.

“తాతా, ఇంకొకటి అడుగుతాను. మిమ్మల్నే.”

లుయాంగ్ తాత తన గిన్నెను గుండెకు హత్తుకున్నాడు. “ముందు ఆ గరిటె అక్కడ పెట్టమ్మాయ్.”

చావడి గొల్లుమంది. సెనాంతి గరిటెను డేగిసాలో వదిలేసి, రెండు చేతులూ ఖాళీగా చూపించింది.

“ఎదుటి మనిషి సొంత గిన్నె ఆ మనిషి ముందు ఖాళీగా ఉంటేనే అడిగినట్టు లెక్క అని దూలం మీద చెక్కిస్తారా? గిన్నె లేని ఇంటికి వెళ్లి అడగకూడదు. గిన్నె నింపి అడగకూడదు. నాలాగా కూడా.”

ఎవరో చిప్పను తొట్టిలో వదిలారు. తాత గిన్నె ఖాళీగానే ఉంది. చెయ్యి అంచు మీదే ఉంది. తిప్పాలంటే అరక్షణం పని. ఆ దూలం ఆయన తాతగారి తాత ఎత్తించినది. దాని మీద కొత్త అక్షరం పడి నూరేళ్లు దాటింది. ఊరంతా ఆ ముడుతల చెయ్యి వైపే చూస్తోంది. సెనాంతి చూడలేదు. నేల వైపు చూస్తూ, తాను ఊడ్చిన నేల శుభ్రంగానే ఉందని గమనించింది.

చిప్ప మునిగిన చప్పుడు వినపడింది. గిన్నె బోర్లాపడిన చప్పుడు వినపడలేదు.

“ఇప్పుడు పులుసు పొయ్యమ్మాయ్,” అన్నాడు తాత, గిన్నె చాచి. “ఆకలేస్తోంది.”

*

పడవల పండగ నాడు తొమ్మిదో మెట్టు మీద మూడు రాళ్ల పొయ్యి ఎప్పటిలాగే రాజుకుంది. మరదలి సర్బత్తుల దుకాణం పన్నెండో మెట్టు మీద వెలిసింది. కారపు పులుసు తాగినవాళ్లు మూడు మెట్లెక్కి చల్లని సర్బత్తు తాగుతున్నారు గనుక దానికీ గిరాకీ బాగానే ఉంది. ఈ మాట ముందే మర్యాదగా అడిగి ఉంటే సెనాంతే చెప్పి ఉండేది.

మరుసటి ఏడు పెళ్లిళ్ల రోజుల్లో బొరాంగ్ మళ్లీ ఆమె గుడిసెకు వచ్చాడు. రెండో మేనల్లుడి పెళ్లి. చేతిలో ఉన్న తన గిన్నె మామూలు పరిమాణంలో ఉంది.

“పెద్దమ్మా, గిన్నెలు...”

సెనాంతి పది గిన్నెలూ తుడిచి, ఆరబెట్టి, ఆకుల్లో చుట్టి ఇచ్చింది. పెళ్లి పెళ్లే.

బొరాంగ్ చూపు పీతబొమ్మ మీద ఒక్క క్షణం నిలిచింది. “ఆ పదకొండోది కూడా...”

సెనాంతి అడుగున మిగిలిన పులుసు తాపీగా తాగింది. గిన్నెను నేల మీద బోర్లించి, అరచెయ్యి ఆనించింది.

“ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయి, దొరగారూ.”

బొరాంగ్ తల ఎత్తి ఆకాశం చూశాడు. ఎక్కడా మబ్బు తునక లేదు.

“అవును పెద్దమ్మా,” అన్నాడు. “తూర్పున బాగా కమ్ముకొచ్చింది.”